పూలున్నాయి, దారం కావాలి – ఇంగ్లీషు కంజంక్షన్ల గురించి నాలుగు మాటలు



వార్షికోత్సవ సంచిక అంటే ఇంగ్లీషు నేర్చుకోవడం మీద ఒక వ్యాసం ఉండి తీరాలి. అలాంటి వ్యాసాల్లో మామూలుగా రెండు సలహాలు కనిపిస్తాయి. రోజుకు పది కొత్త పదాలు నేర్చుకోండి అనేది మొదటిది. తప్పయినా సరే ధైర్యంగా మాట్లాడండి అనేది రెండోది. రెండూ మంచివే, కాదనను. కానీ హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతూ, మనలాంటి హాస్టల్ పిల్లల జవాబు పత్రాలు ఏళ్ళ తరబడి దిద్దుతూ వచ్చిన నాకు ఒక సంగతి తేటతెల్లమైంది. మన పిల్లలకు కరువైంది పదాలు కాదు. పదో తరగతి పిల్లవాడికి ఎలా లేదన్నా వెయ్యి ఇంగ్లీషు మాటలు వచ్చు. సెల్‌ఫోను, క్రికెట్టు, సినిమా, బస్సు అన్నీ ఇంగ్లీషు మాటలే కదా! అయినా అయిదు వాక్యాలు రాయమంటే అయిదు వాక్యాలూ అయిదు దిక్కులు చూస్తుంటాయి. ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకోదు.

బుట్ట నిండా పూలున్నా దారం లేకపోతే దండ కాదు. ఇంగ్లీషు వాక్యాలను గుచ్చే ఆ దారం పేరు కంజంక్షన్. తెలుగు వ్యాకరణంలో సముచ్చయం అంటారు. అండ్, బట్, ఆర్, సో, బికాజ్, ఇఫ్, ఆల్దో వంటి చిన్న చిన్న మాటలే అవి. చూడటానికి చీమంత, చేసే పని ఏనుగంత.

నా అభిప్రాయం ముందే సూటిగా చెబుతాను. కంజంక్షన్లను గైడులోని జాబితా చూసి బట్టీ పట్టడం వల్ల మనకు ఒరిగేది తక్కువ. మనకు పుట్టుకతో వచ్చిన తెలుగు వాక్యంలో నుంచే వాటిని నేర్చుకోవాలి, నేర్పాలి. అలా నేర్చుకున్నవాడికి రెండు మార్కుల బిట్టు ఒక్కటే కాదు, కారణం చెప్పి అడిగే శక్తి కూడా వస్తుంది. ఆ శక్తి అవసరం మనకున్నంతగా మరెవరికీ లేదు.

జాబితాతో వచ్చిన చిక్కు

గైడు తెరిస్తే ఏముంటుంది? అండ్ అంటే మరియు. ఆల్దో అంటే అయినప్పటికీ. అన్‌లెస్ అంటే తప్ప. ఇలా నలభై మాటలు వరసగా ఉంటాయి. పిల్లవాడు వాటిని ఎక్కాల్లాగా అప్పజెబుతాడు. కానీ ఒక్కసారి ఆలోచించండి. మన ఇళ్ళల్లో 'మరియు' అనే మాట ఎప్పుడైనా విన్నామా? “అమ్మా, అన్నం మరియు పప్పు పెట్టు” అంటే అమ్మ నవ్వకుండా ఉంటుందా? మనం “అన్నం, పప్పు పెట్టు” అంటాం. “అమ్మా నాన్నా కూలికి వెళ్ళారు” అంటాం. చివరి అచ్చును కాస్త సాగదీస్తే చాలు, రెండు మాటలు కలిసిపోతాయి. అంటే అండ్ చేసే పని మన నాలుకకు ఎప్పుడో తెలుసు. పుస్తకం మాత్రం ఎవరూ వాడని మాటను మధ్యలో నిలబెట్టి, తెలిసిన సంగతిని తెలియనిదాన్ని చేసింది.

'అయినప్పటికీ' కథా అంతే. పండగనాడు మాత్రమే పెట్టెలోంచి తీసే బట్టలాంటి మాట అది. రోజూ వాడని తెలుగు మాట ద్వారా రోజూ వాడవలసిన ఇంగ్లీషు మాటను నేర్పితే అది నోటికి ఎలా వస్తుంది?

తెలుగులో తోక, ఇంగ్లీషులో తల

మరి మనం తెలుగులో వాక్యాలను ఎలా కలుపుతున్నాం? దీనికి జవాబు మీ తెలుగు వాచకంలోనే ఉంది. సంక్లిష్ట వాక్యం, సంయుక్త వాక్యం అని చదువుతారు కదా! క్త్వార్థకం, శత్రర్థకం, చేదర్థకం, అప్యర్థకం అని తెలుగు సారు చెప్పినవి పరీక్ష అయ్యాక మరచిపోవలసినవి కావు. ఇంగ్లీషు కంజంక్షన్ల తాళంచెవి అక్కడే ఉంది.

“అన్నం తిని బడికి వెళ్ళాను.” ఇందులో 'తిని' క్త్వార్థకం. ఇంగ్లీషులో దీన్ని అండ్‌తో గానీ ఆఫ్టర్‌తో గానీ చెబుతాం. ఐ ఏట్ అండ్ వెంట్ టు స్కూల్. 

“పాటలు వింటూ బట్టలు ఉతికాను.” 'వింటూ' శత్రర్థకం. రెండు పనులూ ఒకే సమయంలో జరుగుతున్నాయి. ఇంగ్లీషులో వైల్ వస్తుంది.

“బాగా చదివితే పాసవుతావు.” 'చదివితే' చేదర్థకం. ఇంగ్లీషులో ఇఫ్.

“వాన పడినా ఆట ఆడాం.” 'పడినా' అప్యర్థకం. ఇంగ్లీషులో ఆల్దో.

“ఆకలిగా ఉందని చెప్పాడు.” ఇక్కడ 'అని' చేసే పనిని ఇంగ్లీషులో దట్ చేస్తుంది.

ఈ అయిదూ చూశాక మీకే ఒక తేడా కనిపించి ఉంటుంది. తెలుగులో కలిపే పని క్రియ తోక చేస్తుంది. తిని, వింటూ, చదివితే, పడినా, ఉందని – అన్నీ తోకలే. ఇంగ్లీషులో ఆ పని చేయడానికి ఒక మాట విడిగా వచ్చి, తాను కలిపే వాక్యభాగానికి తలలాగా ముందు నిలబడుతుంది. ఇఫ్ యూ స్టడీ వెల్, యూ విల్ పాస్. 'చదివితే'లోని 'తే' అనే తోకే ఇంగ్లీషుకు వెళ్ళి 'ఇఫ్' అనే తలగా మారింది. తెలుగులో తోక, ఇంగ్లీషులో తల. ఈ ఒక్క సూత్రం గుర్తుంటే గైడులో పది పేజీలు చదివినంత లాభం.

ఇంకొక చిన్న సంగతి. ఈ తలమాటతో మొదలైన భాగం వాక్యంలో ముందు వస్తే దాని తర్వాత కామా పెట్టాలి. వెనక వస్తే మామూలుగా కామా అక్కర్లేదు. ఇఫ్ యూ స్టడీ వెల్, యూ విల్ పాస్ – ఇక్కడ కామా ఉంది. యూ విల్ పాస్ ఇఫ్ యూ స్టడీ వెల్ – ఇక్కడ లేదు.

ఒక తోకకు రెండు తలలు

అయితే అన్ని చోట్లా లెక్క ఒకటికి ఒకటిగా సరిపోదు. మన పిల్లలు తడబడేది సరిగ్గా అక్కడే.

“సెలవులు వస్తే ఇంటికి వెళ్తాను.” “లాటరీ వస్తే ఇల్లు కడతాను.” తెలుగులో రెండు చోట్లా 'వస్తే' అనే అన్నాం. కానీ సెలవులు రావడం ఖాయం. లాటరీ రావడం ఖాయం కాదు. ఇంగ్లీషు ఈ రెండింటినీ విడదీస్తుంది. ఖాయంగా జరిగేదానికి వెన్ వాడాలి, జరగొచ్చు జరగకపోవచ్చు అనేదానికి ఇఫ్ వాడాలి. “ఇఫ్ ఐ బికమ్ ఎ డాక్టర్” అన్నవాడికి, “వెన్ ఐ బికమ్ ఎ డాక్టర్” అన్నవాడికి ఎంత తేడా ఉందో చూడండి. మొదటివాడు అనుమానంతో ఉన్నాడు, రెండోవాడు నమ్మకంతో ఉన్నాడు. తెలుగులో గొంతును బట్టి గ్రహించే తేడాను ఇంగ్లీషులో మాటే చెప్పేస్తుంది.

'పడినా' సంగతి కూడా ఇలాంటిదే. “వాన పడినా ఆట ఆడాం” అంటే వాన పడింది, ఆట ఆడేశాం. ఇది జరిగిపోయిన విషయం. ఇక్కడ ఆల్దో. “వాన పడినా ఆట ఆడతాం” అంటే వాన ఇంకా పడలేదు, పడుతుందో లేదో తెలియదు. ఇక్కడ ఈవెన్ ఇఫ్. తెలుగులో తోక ఒకటే. వాక్యం చివరి క్రియ చూసి మనం తేడా పట్టుకుంటాం. ఇంగ్లీషులో వాక్యం మొదటి మాట దగ్గరే ఆ నిర్ణయం తీసుకోవాలి. అందుకే ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు మనవాళ్ళు మొదట్లోనే ఆగిపోతుంటారు. అది తెలివితక్కువతనం కాదు. చివర్లో తేల్చుకునే అలవాటున్న భాష నుంచి మొదట్లోనే తేల్చుకునే భాషకు వెళ్ళడంలో ఉండే సహజమైన ఇబ్బంది.

ఇక 'అని' దగ్గర వచ్చే పొరపాటు చూడండి. “రవి రేపు వస్తానని చెప్పాడు.” తెలుగులో ఇది చక్కని వాక్యం. 'వస్తాను' అన్నది రవి అని అందరికీ తెలుసు. దీన్ని మాటకు మాట ఇంగ్లీషులో పెట్టి “రవి సెడ్ దట్ ఐ విల్ కమ్ టుమారో” అని రాస్తున్నారు. ఇంగ్లీషువాడు చదివితే వచ్చేది రవి కాదు, రాసినవాడు! దట్ వచ్చిందంటే రవి నోటి మాటను మనం మన నోటితో చెబుతున్నామన్నమాట. కాబట్టి ఐ స్థానంలో హీ రావాలి, విల్ స్థానంలో వుడ్ రావాలి. ఇన్‌డైరెక్ట్ స్పీచ్ అని భయపెట్టే పాఠమంతా ఈ చిన్న కంజంక్షన్ చుట్టూనే తిరుగుతోంది.

ఒక పనికి ఇద్దరు ఎందుకు?

జవాబు పత్రాల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే తప్పు ఒకటుంది. “ఆల్దో హీ ఈజ్ పూర్, బట్ హీ ఈజ్ హానెస్ట్.” ఆల్దో వచ్చాక బట్ అక్కర్లేదు. రెండు వాక్యాలను కలపడానికి ఒక్క ముడి చాలు. “బికాజ్ ఇట్ రెయిన్డ్, సో ఐ డిడ్ నాట్ కమ్” కూడా ఇలాంటిదే. బికాజ్ ఉంటే సో వద్దు, సో ఉంటే బికాజ్ వద్దు.

ఈ తప్పు ఎందుకు వస్తోంది? మనం మాట్లాడే తెలుగులో “పేదవాడైనా గానీ నిజాయితీపరుడు” అంటాం. 'అయినా' ఒకటి, పైన 'గానీ' ఒకటి. నొక్కి చెప్పడానికి మన భాష రెండిటినీ ఒప్పుకుంటుంది. ఇంగ్లీషు ఒప్పుకోదు. ఇలా కారణం చెప్పి దిద్దితే పిల్లవాడు మళ్ళీ ఆ తప్పు చేయడు. ఎర్ర ఇంకుతో కొట్టేసి వదిలేస్తే జన్మలో మానడు.

అన్‌లెస్ దగ్గర కూడా జాగ్రత్త పడాలి. అందులోనే 'కాకపోతే' ఉంది. కాబట్టి దాని పక్కన మళ్ళీ నాట్ పెట్టకూడదు. “చదవకపోతే ఫెయిలవుతావు” అనడానికి “అన్‌లెస్ యూ స్టడీ, యూ విల్ ఫెయిల్” అంటే సరిపోతుంది. “అన్‌లెస్ యూ డోంట్ స్టడీ” అన్నామా, చదివితే ఫెయిలవుతావని శాపం పెట్టినట్టే!

అంటిల్ దగ్గర మాత్రం మన తెలుగే మనకు సాయం చేస్తుంది. “నువ్వు వచ్చేదాకా ఉంటాను” అంటాం, “రానిదాకా” అనం. ఇంగ్లీషు కూడా అంతే. ఐ విల్ వెయిట్ అంటిల్ యూ కమ్. తెలుగు మనకు అడ్డమని ఎవరైనా అంటే ఈ ఉదాహరణ చూపించండి.

ఇంకొక అపోహ ఉంది. బికాజ్‌తో వాక్యం మొదలుపెట్టకూడదని చాలామంది చెబుతుంటారు. అది నిజం కాదు. వెనక అసలు వాక్యం ఉంటే నిక్షేపంగా మొదలుపెట్టవచ్చు. “బికాజ్ ఐ హ్యాడ్ ఫీవర్.” అని ఫుల్‌స్టాప్ పెట్టి వదిలేస్తేనే తప్పు. అది సగం వాక్యం. జ్వరం వచ్చింది కాబట్టి ఏమైంది? ఆ మిగతా సగం కూడా చెప్పాలి.

కారణం చెప్పగలిగినవాడే అడగగలడు

ఇదంతా పరీక్షల కోసమే అయితే ఇన్ని పేజీలు రాయనక్కర్లేదు. అసలు సంగతి ఇప్పుడు చెబుతాను.

హాస్టల్ కుర్రాడు పై అధికారికి ఇంగ్లీషులో ఒక అర్జీ రాశాడనుకుందాం. “అవర్ హాస్టల్ హ్యాజ్ ఫోర్ ట్యాప్స్. వన్ ఈజ్ వర్కింగ్. వి గో టు స్కూల్ లేట్. టీచర్ స్కోల్డ్స్ అస్. ప్లీజ్ రిపేర్.” ఇందులో తప్పు మాట ఏమీ లేదు. కానీ చదివేవాడికి అయిదు ముక్కలు కనిపిస్తాయి. కుళాయికీ, బడికి ఆలస్యానికీ సంబంధం ఏమిటో ఆయనే ఊహించుకోవాలి. ఊహించుకునే ఓపిక లేకపోతే కాగితం పక్కన పెడతాడు.

అవే మాటలను దారంతో గుచ్చి చూద్దాం. “అవర్ హాస్టల్ హ్యాజ్ ఫోర్ ట్యాప్స్, బట్ ఓన్లీ వన్ ఈజ్ వర్కింగ్. బికాజ్ ఆల్ ది బాయ్స్ యూజ్ దిస్ వన్ ట్యాప్, వి రీచ్ స్కూల్ లేట్ ఎవ్రీ డే. ఇఫ్ ది అదర్ త్రీ ట్యాప్స్ గెట్ రిపేర్డ్, వి విల్ రీచ్ ఆన్ టైమ్.” కొత్తగా చేరినవాటిలో ముఖ్యమైనవి మూడు మాటలు – బట్, బికాజ్, ఇఫ్. బట్ లోపం చూపించింది. బికాజ్ కారణం చూపించింది. ఇఫ్ పరిష్కారం చూపించింది. మొదటిది మొర, రెండోది వాదన. మొరను జాలిపడి వింటారు లేదా విననట్టు ఊరుకుంటారు. వాదనకు మాత్రం జవాబు చెప్పక తప్పదు.

మన తాతలు అర్జీ రాయించుకోవడానికి కరణం దగ్గరకో, తాలూకా ఆఫీసు చెట్టు కింద కూర్చున్న రాతగాడి దగ్గరకో వెళ్ళారు. మన కష్టాన్ని మరొకడు రాస్తే అతనికి తోచిన కారణమే రాస్తాడు. మన కారణం మనమే రాయగలిగిన రోజున మన మాట మనదవుతుంది. అందుకే కంజంక్షన్ నాకు వ్యాకరణ పాఠం ఒక్కటే కాదు, ఆత్మగౌరవ పాఠం కూడా.

ఒక్క అండ్, ఒక్క ఆర్

రాయడంలోనే కాదు, చదవడంలో కూడా ఈ చిన్న మాటలే మన తలరాత తేలుస్తాయి. ఉద్యోగ ప్రకటనలో అర్హత దగ్గర ఫలానా డిగ్రీ 'అండ్' ఫలానా శిక్షణ అని ఉంటే రెండూ ఉండాలి. 'ఆర్' అని ఉంటే ఏ ఒక్కటి ఉన్నా చాలు. ఆర్ ఉన్నచోట అండ్ అనుకుని అర్హత ఉండి కూడా దరఖాస్తు పెట్టనివాడు ఒక ఏడాది నష్టపోతాడు. అండ్ ఉన్నచోట ఆర్ అనుకున్నవాడు ఫీజు కట్టి, చదివి, సర్టిఫికెట్ల పరిశీలన రోజున వెనక్కి వస్తాడు. ప్రొవైడెడ్ దట్ అని కనిపిస్తే అక్కడ ఆగండి. 'అయితే ఒక షరతు' అని దాని అర్థం. స్కాలర్‌షిప్ నిబంధనల్లో అసలు మెలిక ఇలాంటి మాట వెనకే ఉంటుంది.

మన రాజ్యాంగం 15వ అధికరణం మొదటి క్లాజు చూడండి. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు అని అయిదు కారణాలు చెప్పి, కేవలం వాటి ఆధారంగా ఏ పౌరుడి మీదా రాజ్యం వివక్ష చూపకూడదంటుంది. అక్కడితో ఆగదు. 'లేదా వాటిలో ఏ ఒక్కటి' అనే అర్థం వచ్చేలా ఆర్‌తో మరో ముక్క చేరుస్తుంది. ఆ ముక్క ఉంది కాబట్టి, అయిదు కారణాలూ కలిసి వస్తేనే అది వివక్ష అని ఎవరూ తప్పించుకోలేరు. కులం ఒక్కటే కారణమైనా చాలు. రక్షణ అంతా ఒక చిన్న సముచ్చయం మీద నిలబడి ఉంది.

డాక్టర్ బాబాసాహెబ్ అంబేద్కర్ గారు 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో చేసిన ప్రసంగం మన వార్షికోత్సవాల్లో ఎన్నోసార్లు తలచుకున్నదే. 1950 జనవరి 26 నుంచి మనం వైరుధ్యాల జీవితంలోకి అడుగుపెడుతున్నామని, రాజకీయాల్లో సమానత్వం, సామాజిక ఆర్థిక జీవితంలో అసమానత ఉంటాయని ఆయన హెచ్చరించారు. ఇంగ్లీషులో ఆ వాక్యాన్ని గమనించండి. సమానత్వానికీ అసమానతకూ మధ్య మనమైతే 'కానీ' అంటాం, బట్ వేస్తాం. ఆయన వేసింది అండ్. నాకు అర్థమైనంతవరకు అందులో ఒక లోతు ఉంది. బట్ వేస్తే ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి పోతుంది. అండ్ వేస్తే రెండూ పక్కపక్కనే, సమానమైన బరువుతో నిలబడతాయి. ఓటు దగ్గర సమానత్వమూ నిజమే, ఊరి బావి దగ్గర అసమానతా నిజమే, రెండూ ఒకే రోజున, ఒకే మనిషికి. ఆ పక్కపక్కన నిలబడటమే వైరుధ్యం. మాతృభాష మరాఠీ అయిన ఆ మహనీయుడు ఇంగ్లీషులో చిన్న మాటను కూడా ఇంత బరువుగా వాడగలిగారు. మాతృభాష తెలుగైన మనం ఎందుకు వాడలేం?

కొందరి అభ్యంతరాలు

“ఇప్పుడు అంతా ఇంగ్లీషు మీడియమే కదా, ఇంకా ఈ గ్రామర్ ఎందుకు?” అని కొందరు అడుగుతారు. నిజమే, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం పెరిగింది. తెలంగాణలో 2022-23 విద్యా సంవత్సరం నుంచి 1 నుంచి 8 తరగతులకు ప్రవేశపెట్టారు. కానీ మీడియం మారినంత మాత్రాన వాక్యం దానంతట అది మారదు. పుస్తకం ఇంగ్లీషులో ఉండి, ఆలోచన తెలుగులో ఉండి, మధ్యలో వంతెన లేకపోతే పిల్లవాడు ఇటూ కాక అటూ కాక మిగులుతాడు. ఆ వంతెనే నేను చెబుతున్నది.

“ఫోనే అనువాదం చేసి పెడుతోంది కదా?” అని మరికొందరు అంటారు. ఫోను చేసి పెట్టేది సరైనదో కాదో చూడటానికైనా మనకు ఇఫ్‌కూ వెన్‌కూ తేడా తెలియాలి. పరీక్ష హాల్లోకి ఫోను రానివ్వరు. ఇంటర్వ్యూ గదిలో “ఈ ఉద్యోగం నీకెందుకు?” అని అడిగినప్పుడు బికాజ్ తర్వాత మాట మన నోటి నుంచే రావాలి.

“తప్పులు పట్టుకుంటే పిల్లలు భయపడి నోరు విప్పరు” అనేది మూడో మాట. దీంతో నేను ఏకీభవిస్తాను. అందుకే తప్పు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పమంటున్నాను. 'నీకు రాదు' అనడం వేరు, 'నీ తెలుగు ఇలా కలుపుతుంది, ఇంగ్లీషు అలా కలుపుతుంది' అనడం వేరు. మొదటిది పిల్లవాణ్ణి కించపరుస్తుంది. రెండోది వాడికి ముందే ఒక భాష బాగా వచ్చని గుర్తు చేస్తుంది.

చేయవలసినవి

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! నలభై మాటలు వద్దు. పన్నెండు చాలు. అండ్, బట్, ఆర్, సో, బికాజ్, ఇఫ్, అన్‌లెస్, వెన్, వైల్, ఆల్దో, అంటిల్, దట్. ఈ పన్నెండూ చేతికి వచ్చాక నైదర్–నార్, నాట్ ఓన్లీ–బట్ ఆల్సో, నో సూనర్–దాన్ లాంటి జంటలు నేర్చుకోవడం కష్టం కాదు.

రోజూ స్టడీ అవర్ చివర్లో పది నిమిషాలు కేటాయించండి. ఆ రోజు మీరు నిజంగా అన్న తెలుగు వాక్యం ఒకటి రాయండి. “ఆదివారం అమ్మ వస్తుందని ఎదురుచూశాను”, “గుడ్డు పెట్టినా కూర బాగాలేదు” – ఏదైనా సరే. అందులో తోక ఎక్కడుందో గీత గీయండి. ఆ తోకకు ఇంగ్లీషులో తల ఏదో వెతకండి. తర్వాత వాక్యం రాయండి. రోజుకు ఒక్కటి చొప్పున ఏడాదికి ఎన్నవుతాయో మీరే లెక్క వేసుకోండి.

భోజనం వరుసలో ఒక ఆట ఆడవచ్చు. మొదటివాడు ఒక చిన్న ఇంగ్లీషు వాక్యం చెబుతాడు. రెండోవాడు బికాజ్ అని కారణం చేర్చాలి. మూడోవాడు సో అని ఫలితం చెప్పాలి. నాలుగోవాడు బట్ అని అడ్డం తిప్పాలి. పళ్ళెంలో అన్నం పడేలోగా ఒక కథ తయారవుతుంది. నవ్వుతూ నేర్చుకున్నది మరచిపోరు.

లైబ్రరీ బీరువాలో రెన్ అండ్ మార్టిన్ గ్రామర్ ఉంటే దుమ్ము దులిపి కంజంక్షన్ల అధ్యాయం చదవండి. అట్ట మీద ఆ ఇద్దరినీ కలిపింది కూడా కంజంక్షనే కదా!

ఉపాధ్యాయ మిత్రులకు, హాస్టల్ ట్యూటర్లకు నా విన్నపం ఒక్కటే. కంజంక్షన్ల పాఠం చెప్పే రోజున తెలుగు సారును కూడా తరగతికి పిలవండి. ఆయన చేదర్థకం చెబుతారు, మీరు ఇఫ్ చెప్పండి. రెండు పీరియడ్లలో విడివిడిగా నలిగిపోతున్న పాఠం ఒక్క పీరియడ్‌లో వెలుగు చూస్తుంది.

పూర్వ విద్యార్థులకు కూడా ఒక మాట. ప్రతి ఏటా వార్షికోత్సవానికి మనం ఫ్యాన్లు, గోడ గడియారాలు, బహుమతి కప్పులు ఇస్తున్నాం. సంతోషమే. దానితోపాటు నెలకు ఒక ఆదివారం, ఒక్క గంట ఇద్దాం. మనలో గుమాస్తాలున్నారు, కానిస్టేబుళ్ళున్నారు, నర్సులున్నారు, ఇంజనీర్లున్నారు, దూరదేశాల్లో ఉన్నవారూ ఉన్నారు. మన ఉద్యోగాల్లో రోజూ చూసే ఒక ఉత్తరమో, ఒక నిబంధనో తెచ్చి అందులో అండ్ ఎక్కడుంది, ఆర్ ఎక్కడుంది, దాని వల్ల ఎవరికి ఏం మారింది అని పిల్లలకు చూపిద్దాం. ఇలాంటి పాఠం ఏ గైడులోనూ దొరకదు. రాలేనివారు ఫోనులోనైనా చెప్పవచ్చు.

మన పిల్లలకు పూలు ఏరడం వచ్చు. ఆ చేతులకు దారం అందిద్దాం. దండ వాళ్ళే కట్టుకుంటారు.

అందరికీ హాస్టల్ వార్షికోత్సవ శుభాకాంక్షలు. జై భీమ్.

– ఒక పూర్వ విద్యార్థి, ఇంగ్లీషు ఉపాధ్యాయుడు